సబ్బునందలి సుడులు

అరువదినాలుగు కళల పట్టికలో నలుగు పెట్టుట, తల రుద్దుట కూడ చేరియున్నవి. ముగ్గులు తీర్చుట, పూలు కూర్చుట వాని సరసనే నిలిచినవి. సబ్బు మాత్రము అందు లేదు. మన పూర్వులు సున్నిపిండితో ఒడలిని, కుంకుడురసముతో తలను, చవుటిమట్టితో బట్టలను శుభ్రము చేసికొనిరి. వారికి సబ్బుతో పని పడలేదు. కుంకుడుచెట్టు జాతికి పాశ్చాత్య వృక్షశాస్త్రజ్ఞులు పెట్టిన ‘సపిండస్’ అను పేరులో సబ్బు అనునర్థముగల ‘సాపో’, భారతదేశమును స్ఫురింపజేయు ‘ఇండికస్’ అను రెండు లాటిను పదములు ఇమిడియున్నవి. సబ్బు మనకు ఆలస్యముగా వచ్చినను, సబ్బువలె నురుగు నిచ్చు కాయ మన పెరటిలో ఏనాటినుండియో కలదు.

అంగడిలో కొని, అరిగిపోవువరకు వాడి, మరచిపోవు ఈ వస్తువును ఇటీవలి దశాబ్దములలో అనేక దేశములవారు ఇంటిలోనే చేతితో చేసికొనుచున్నారు. అంతటితో ఆగక, దాని కడుపులో రంగుల సుడులు తీర్చుచు, అందులో స్నేహపూర్వకమైన పోటీలు కూడ పెట్టుకొనుచున్నారు. ఆ సుడులు ఎట్లు పుట్టునో, ఆ పోటీల రీతి యెట్టిదో తెలిసికొనుట ఉపాధ్యాయులకును విద్యార్థులకును నిష్ప్రయోజనము కాదని నా విశ్వాసము. ఇందులో కొంత రసాయనశాస్త్రము, కొంత చిత్రకళ, కొంత అలంకారశాస్త్రము కలసియున్నవి.

సమస్య యొకటి, పూరణలు పెక్కు

ఈ పోటీల పద్ధతి సులభమైనది. ఒక తడవకు ఒక సుడిరీతిని ఎన్నుకొందురు. తెలిసినవారు దానిని చేసి చూపుదురు. పాల్గొనువారందరును నిర్ణీతమైన గడువులోపల అదే రీతిని తమ యింట ప్రయత్నింతురు. పిదప కోసిన ముక్కల చిత్రములను అందరి యెదుట ఉంచి, ఏ నూనెలు వాడితిమి, ఏ రంగులు కలిపితిమి, ఎక్కడ చేయి తడబడినది, మరల చేసినచో ఏమి మార్చుదుము అను సంగతులు వివరింతురు. పలుమారు తీర్పు చెప్పువారును వారే. తమలో తామే మేలైనవానిని ఎంచుకొందురు.

ఇది మన సమస్యాపూరణమునకు దగ్గరగా ఉన్నది. అవధానసభలో పృచ్ఛకుడు ఇచ్చిన పాదము ఒక్కటే. దానిని పదిమంది కవులకిచ్చినచో పది పద్యములు పుట్టును. పాదము మారదు, పూరించువాని బుద్ధి మారును. నియమము ప్రతిభకు సంకెల కాదనియు, ప్రతిభను బయటపెట్టు ఒరగల్లు అనియు ఛందస్సు చదివిన ప్రతి విద్యార్థికిని తెలియును. సబ్బు పోటీలోను అంతే. అచ్చు ఒకటే, కఱ్ఱ త్రిప్పు విధము ఒకటే, కాని ఏ రెండు సబ్బులును ఒకటిగా ఉండవు.

నూనె సబ్బు అగు విధము

సబ్బు చరిత్ర ప్రాచీనమైనది. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమను రచయిత ప్లినీ, గాల్ దేశీయులు కొవ్వును బూడిదను కలిపి సబ్బు చేయుదురని వ్రాసెను. ఆ బూడిదలోని క్షారమే సబ్బునకు జీవము. 1791లో నికొలాస్ లెబ్లాంక్ అను ఫ్రెంచివాడు ఉప్పునుండి సోడా తీయు పద్ధతికి హక్కుపత్రము పొందిన తరువాత క్షారము విరివిగా దొరకుటకు మార్గమేర్పడినది. 1823లో మిషెల్ షెవ్రూల్ కొవ్వులమీద తన పరిశోధనలను గ్రంథముగా వెలువరించి, క్షారము కొవ్వును విడగొట్టినపుడు ఒకవంక కొవ్వుటామ్లముల లవణమును, మరియొకవంక గ్లిజరినును ఏర్పడునని స్పష్టపరచెను. ఆ లవణమే సబ్బు.

ఇంటిలో చేయువారు వాడు క్షారము కాస్టిక్ సోడా. నూనెనుబట్టి దాని పరిమాణము మారును. నూరు గ్రాముల కొబ్బరినూనె సబ్బుగా మారుటకు సుమారు 18 గ్రాముల సోడా కావలెను. అంతే ఆలివునూనెకు సుమారు 13½ గ్రాములు చాలును. లెక్కకు వచ్చినదానిలో నూటికి ఐదు పాళ్లు తగ్గించి వాడుట వాడుక. అపుడు సోడా మిగులక, కొంత నూనెయే మిగిలి చర్మమునకు మృదువుగా నుండును. ఇక్కడ ఉజ్జాయింపు పనికిరాదు. కొలతగిన్నెతో గాక త్రాసుతోనే తూచవలెను.

ఒక హెచ్చరిక అవసరము. కాస్టిక్ సోడా చర్మమును, కన్నును దహించివేయును. దానిని నీటిలో వేయవలెనుగాని, దానిమీద నీరు పోయరాదు. కలిపినంతనే నీరు నిప్పు లేకుండగనే 80 డిగ్రీలు దాటునంతగా వేడెక్కవచ్చును. అల్యూమినియపు పాత్ర వాడినచో సోడా దానిని తినివేసి, మండెడు హైడ్రోజను వాయువును పుట్టించును. చేతితొడుగులు, కంటియద్దములు, గాలి వచ్చు చోటు ఇవి మూడును తప్పనిసరి. బాలబాలికలు ఈ పనికి చేయి పెట్టరాదు.

పాకము తెలిసిన చేయి

సోడానీరును నూనెలను చల్లార్చి కలిపి చిలికినచో, మిశ్రమము కొంతసేపటికి చిక్కబడును. గరిటెనుండి జారిన చుక్క పైన కొంచెము సేపు తన గుర్తు నిలుపుకొనును. దీనిని చేయువారు ‘జాడ’ అను అర్థము వచ్చు మాటతో పిలుతురు. మన గృహిణులకు ఇది క్రొత్త సంగతి కాదు. అరిసెలకు ఏ పాకము, ఉండలకు ఏ పాకము అను వివేకము వారికి వ్రేళ్ల కొనలయందే యుండును. ఆ వంటయింటి మాటనే అరువు తెచ్చుకొని మన సాహిత్యవేత్తలు ద్రాక్షాపాకము, కదళీపాకము, నారికేళపాకము అని కవిత్వమును వింగడించిరి.

సుడులకు లేతపాకము కావలెను. మరీ పలుచనైనచో రంగులు ఒకదానిలో నొకటి కరగి బూడిదవన్నెకు తిరుగును. ముదిరినచో ముద్దగట్టి, గీత సాగదు. అందువలన సుడులు తీర్చువారు వేడి తగ్గింతురు, నీరు ఒకింత హెచ్చు వాడుదురు, త్వరగా గట్టిపడు నూనెలను తగ్గింతురు. చిలుకుడుకఱ్ఱను ఒక్క నిమిషము ముందుగా ఆపుట తెలిసినవాడే ఈ విద్యలో నేర్పరి.

సుడిరీతులు

మిశ్రమమును వేరువేరు గిన్నెలలో పంచి రంగులు కలిపిన పిదప రీతులు మొదలగును. అందు కొన్నింటిని పేర్కొందును.

మొదటిది జారుసుడి. తెల్లని మిశ్రమమును అచ్చులో పోసి, దానిమీద రంగు మిశ్రమమును ధారగా విడుతురు. పైనుండి విడిచిన ధార వేగముతో అడుగువరకు దిగును. దగ్గరనుండి విడిచినది పైననే నిలుచును. చేయి ఎత్తుటలోను దించుటలోను చిత్రమంతయు ఉన్నది. రెండవది పాత్రసుడి. గిన్నెలోని మూలమిశ్రమమున మూడు నాలుగు చోట్ల రంగులు పోసి, గరిటెతో ఒక్క చుట్టు మాత్రము త్రిప్పి, అచ్చులోనికి వంపుదురు. రెండవ చుట్టు త్రిప్పవలెనను ఆశను నిగ్రహించుకొనుటయే ఇందలి కష్టము. మూడవది హ్యాంగరు సుడి. బట్టలు తగిలించు తీగను వంచి, అచ్చు అడుగువరకు దింపి, చుట్లు చుట్టుచు పైకి తీయుదురు. నాలుగవదానిని తైవాను సుడి అందురు. వెడల్పైన అచ్చులో నిలువుగా అడ్డుపలకలు నిలిపి, ఒక్కొక్క అరలో ఒక్కొక్క రంగు నింపి, పలకలను మెల్లగా పైకి లాగి, పుల్లతో అడ్డముగా అటునిటు గీయుదురు. పిదప నిలువుగా గీయుదురు. సూటి గీతలు ఆకులవలెను, ఈకలవలెను వంగును. ఐదవది నెమలిసుడి. సన్నని రంగుగీతలమీద దువ్వెనవంటి పరికరమును లాగి, మరల వంకరగా నడిపినచో నెమలిపురి కన్నులు తేలును. ఇది అన్నిటికంటె ఓర్పు కోరునది. మిశ్రమము చివరివరకు లేతగనే యుండవలెను.

ఇన్నిసార్లు కదిపినను రంగులేల కలసిపోవు? చిక్కని ద్రవము మెల్లగా కదిలినపుడు పొరలు పొరలుగా సాగునేగాని కలగాపులగముగా మారదు. పాలలో కాఫీ కషాయము పోసినపుడు కనబడు కల్లోలము తేనెలో కనబడదు. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జి. ఐ. టేలర్ 1960 దశకములో విద్యార్థులకై తీసిన చలనచిత్రమున ఈ ధర్మమును అద్భుతముగా ప్రదర్శించెను. రెండు గాజు స్తంభములనడుమ చిక్కని ద్రవమున రంగుచుక్క నుంచి, లోపలిదానిని కొన్ని చుట్లు త్రిప్పగా చుక్క చెరగిపోయినట్లు తోచెను. అన్నే చుట్లు వెనుకకు త్రిప్పగా చుక్క మరల ప్రత్యక్షమయ్యెను. సబ్బులోని గీత సాగి, సన్నమై, మడత పడినను తన వన్నెను విడువకుండుటకు కారణము ఈ ధర్మమే.

ఈ గీతల పూర్వచరిత్ర

దువ్వెనతో రంగులను దువ్వుట సబ్బువారు కనిపెట్టినది కాదు. జపానులో నీటిమీద సిరా తేల్చి కాగితమునకు పట్టించు ‘సుమినగాషి’ అను కళ శతాబ్దములనాటిది. తురుష్కుల ‘ఎబ్రు’ కళలో జిగురు కలిపిన నీటిమీద రంగులు చల్లి, పుల్లతోను దువ్వెనతోను తీర్చి, కాగితమును పరచి ఎత్తుదురు. ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ 2014లో ఆ కళను మానవజాతి వారసత్వపు జాబితాలో చేర్చినది. ఇది మనకు దూరపు కథ కాదు. 17వ శతాబ్దమున దక్కనులోని బిజాపూరు చిత్రకారులు ఈ సుడికాగితమునే జంతువుల, మనుష్యుల ఆకృతులలో నింపి చిత్రములు రచించిరి. బక్కచిక్కిన గుఱ్ఱము, దానిమీద రౌతు గల అట్టి చిత్రమొకటి న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియమునందు భద్రముగా ఉన్నది.

కాగితమునకును సబ్బునకును ఒక భేదము కలదు. కాగితము సుడిని చర్మముమీద మాత్రమే ధరించును. సబ్బు దానిని శరీరమంతట ధరించును. చేసినవానికి పైభాగమే కనబడును. లోపల ఏమి జరిగినదో ఒకటి రెండు దినములు గడచి, గట్టిపడినదానిని కత్తితో కోసిననాడు గాని తెలియదు. అడ్డముగా కోసిన ఒక చిత్రము, నిలువుగా కోసిన వేరొక చిత్రము. కోసిన పిదపను నాలుగు మొదలు ఆరు వారములు గాలికి ఆరనిచ్చినగాని వాడుకకు రాదు.

పసుపు ఎఱ్ఱనగు రహస్యము

రంగుల విషయమున క్షారము కఠినమైన పరీక్షకుడు. అల్ట్రామెరీను నీలము దానిముందు నిలుచును; ప్రష్యను నీలము చెడి గోధుమవన్నెకు దిగును. ఇనుప ఆక్సైడుల ఎరుపు, పసుపు, నలుపు చెక్కుచెదరవు. తెలుపునకు టైటానియం డయాక్సైడు వాడుదురు. పసుపుకొమ్ము పొడి సోడా తగిలినంతనే ఎఱ్ఱబారి, ఆరునప్పటికి నారింజ లేక బంగారు వన్నెకు తిరుగును. తెలుగు వారికి ఇందులో వింత లేదు. పెండ్లికూతురు పాదములకు పెట్టు పారాణి, దిష్టి తీయు ఎఱ్ఱనీళ్లు పసుపు సున్నముల కలయికయే కదా! మన ముత్తైదువలు ఎఱిగిన ఈ మార్పునే పాఠశాలలో క్షారమునకు గుర్తుగా చూపుచున్నాము.

పరిమళములు మరియొక చిక్కు. లవంగతైలము వేసిన మిశ్రమము కన్నుమూసి తెరచునంతలో గట్టిపడవచ్చును. అపుడు నెమలి లేదు, ఈక లేదు, ముద్ద మాత్రమే మిగులును. వెనిల్లా వాసననిచ్చు ద్రవ్యము కలిసిన భాగము దినములు గడచినకొలది గోధుమరంగెక్కి, ప్రక్కనున్న తెలుపును కూడ మరకపరచును. గాలిలోని బొగ్గుపులుసువాయువు తగిలి పైన తెల్లని సోడాపొడి పూయును. ఎంతో శ్రమపడి తీర్చిన పైచిత్రమును అది పొగమంచువలె కప్పివేయును. పోటీలో పాల్గొనువారు ఇట్టి వైఫల్యములను దాచుకొనరు. చెడినదానిని చిత్రముతోసహా చూపి, చెడుటకు గల కారణమును చెప్పుదురు. దానిని చదివిన పదిమంది అదే గోతిలో పడక తప్పించుకొందురు.

అలంకారము నిజము చెప్పునా?

ఇంత శ్రమ దేనికని పెద్దలు ప్రశ్నింపవచ్చును. సుడి ఉన్నంతమాత్రమున మురికి ఎక్కువ పోదు. నెలదినములలో కరగి కాలువపాలగు వస్తువునకు నెమలికన్నులేల? ఈ ప్రశ్నకు సబ్బు చరిత్రయందే ఒక సమాధానము కలదు.

పూర్వము మార్సెయి మొదలగు ఐరోపా పట్టణములలో చారలసబ్బు అని యొకటి చేసెడివారు. ఆనాటి ముడిసోడాలో ఇనుము, గంధకము కలిసియుండెడివి. కాగిన సబ్బు మెల్లగా చల్లారునపుడు ఆ మాలిన్యములు వేరుపడి, తెల్లని సబ్బులో నీలి నరములవలె వ్యాపించెడివి. గాలి సోకిన పైభాగమున ఆ నీలము ఎరుపునకు తిరిగెడిది. ఇది ఎవరును చేయిపెట్టి తీర్చిన చిత్రము కాదు. విశేషమేమన, సబ్బులో నీరు మితిమీరినచో ఆ నరములు నిలువక అడుగునకు దిగిపోయెడివి. కాబట్టి చార ఉన్న సబ్బులో నీటిమోసము లేదని కొనువారు నమ్మిరి. చార సబ్బునకు సొగసు మాత్రమే కాదు, సాక్ష్యము కూడ.

తరువాతి కథ విచారకరము. నీటిని ఎక్కువగా పట్టియుంచు సోడియం సిలికేటు వంటి ద్రవ్యములను కలిపి, పైగా అల్ట్రామెరీను మొదలగు రంగులతో కృత్రిమముగా చారలు దిద్దుట 19వ శతాబ్దమున వచ్చినది. చార నిలిచినది, సాక్ష్యము పోయినది. నమ్మకమునకు గుర్తుగానున్నదే మోసమునకు ముసుగైనది.

అలంకారశాస్త్రమునందలి పెద్ద వివాదమంతయు ఈ చిన్న కథలో ఇమిడియున్నది. శరీరమునకు తగిలించిన నగవంటిదా అలంకారము, లేక వస్తువుతోబాటు పుట్టినదా? రసమునుండి సహజముగా వెలువడిన ఉపమ చదువరిని కదిలించును. వస్తుదారిద్ర్యమును కప్పిపుచ్చుటకు దండగ్రుచ్చిన ఉపమలు విసుగు పుట్టించును. పద్యము చదివి అందలి అలంకారము పేరు చెప్పుమని విద్యార్థులను అడుగుచున్నాము. ఆ అలంకారము అచటనేల ఉన్నదని అడుగుట అరుదు. అడుగవలసినది రెండవ ప్రశ్నయే.

ఇంటివారి సుడిసబ్బు ఈ పరీక్షకు నిలుచుననియే నా అభిప్రాయము. రంగు బయటినుండి తెచ్చినదే యైనను, గీత నడకను నిర్ణయించునది మిశ్రమపు పాకము, నూనెల స్వభావము, చేతి నిదానము. తొందరపడినచో ఆ తొందర కోసిన ముక్కలో కనబడును. వేడి మించినను, తూకము తప్పినను దాచుట కష్టము. అంగడిసబ్బుమీది ముద్ర నాలుగు దినములలో అరగిపోవును. సుడి మాత్రము అరిగినకొలది రూపు మార్చుకొనుచు చివరి పలుచని పలుకువరకు నిలుచును.

ముగ్గులు, మార్కులు

క్షణికమైనదానికి ఇంత శ్రద్ధయా అని తెలుగునాట ఎవరును అడుగవలసిన పనిలేదు. ధనుర్మాసమున తెల్లవారుజామున లేచి, పేడనీళ్లు చల్లి, చుక్కల చుట్టు తెగని గీతతో మెలికలముగ్గు తిప్పిన ఇల్లాలికి అది మధ్యాహ్నమునకు కాళ్లక్రింద నలిగిపోవునని తెలియదా? మరునాడు మరియొకటి పెట్టును. ఎదురింటి ముగ్గు చూచి, రాత్రి కాగితముమీద చుక్కలు లెక్కించుకొని, తెల్లవారి అంతకంటె పెద్దది వేయును. అడిగినచో ఆ ముగ్గు ఎదురింటివారికే నేర్పును. స్పర్ధయు, స్నేహమును ఒక వాకిట ఇముడునని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనమేల?

మన బడులలో పోటీ యనిన ఒకడు గెలిచి తక్కినవారు ఓడుట యను భావము బలముగా వేరూనినది. జవాబు తప్పిన బాలుడు కాగితమును మడచి దాచుకొనును. తప్పెట్లు వచ్చినదో అతనికి తెలియదు, ప్రక్కవానికిని తెలియదు. ఉపాధ్యాయునకు మాత్రము మార్కు తెలియును. సబ్బువారి పోటీలో గెలిచినవానికి దక్కునది అల్పము, పాల్గొన్నవానికి దక్కునది అధికము. వారి నియమములలో రెండింటిని మనము నిస్సంకోచముగా అరువు తెచ్చుకొనవచ్చును: అందరికిని ఒకే సమస్య నిచ్చుట, ఫలితముతోబాటు కారణమును చెప్పించుట.

సోడా ముట్టకుండగనే దీనిని తరగతిలో ప్రయత్నింపవచ్చును. వెడల్పైన పళ్లెములో గంజి పలుచగా పోసి, రంగుచుక్కలు వేసి, చీపురుపుల్లతో అడ్డముగాను నిలువుగాను ఒక్కొక్కసారి గీయుడని నలుబదిమందికి ఒకే నియమము పెట్టవలెను. గంజి పలుచనైనచో ఏమైనది, చిక్కనైనచో ఏమైనది, పుల్ల వేగముగా నడిపినచో ఏమైనది అని ప్రతివారిచేతను నాలుగు వాక్యములు వ్రాయింపవలెను. బాగుగా కుదిరినవానిని మాత్రమే గాక, కుదరనివానిని కూడ గోడకు తగిలింపవలెను. ఏ చిత్రముక్రింది వాక్యములు ఎదుటివానికి ఎక్కువ పనికివచ్చునో పిల్లలనే తీర్పు చెప్పనిండు. ఆ తీర్పులో మొదటి స్థానము, చెడిన చిత్రమునకే దక్కినను దక్కవచ్చును.